తప్పులక్క బుధవారం

తప్పులు పట్టడం ఆమె వృత్తి. ఇది నింద కాదు, హోదా. ఉద్యోగంలో చేరినరోజు ఇచ్చిన కాగితంలో ఇంకేదో గంభీరమైన పేరు ఉంది కానీ, ఆఫీసులో అందరూ ఆమెను తప్పులక్క అనే పిలుస్తారు. మిగతావాళ్లు తయారుచేసినదాన్ని తీసుకుని, అది ఎక్కడ మొండికేస్తుందో, ఎప్పుడు అబద్ధమాడుతుందో, ఎలాంటి మనిషి చేతిలో పడితే ప్రాణం విడుస్తుందో ముందుగా కనిపెట్టి చెప్పడం ఆమె పని. ఇంట్లో ఇదే ఉద్యోగాన్ని ఆమె అత్తగారు జీతం లేకుండా, సెలవు పెట్టకుండా, అంతకన్నా నైపుణ్యంతో చాలా ఏళ్లుగా నిర్వహిస్తున్నారు. అందుచేత వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి వృత్తిపరమైన గౌరవం. ప్రేమ కూడా ఉందని చూసినవాళ్లు అంటారు, ఇద్దరూ ఒప్పుకోరు.

సంస్థ చిన్నది. టైర్ల దుకాణం మీద రెండు గదులు, ఏడుగురు మనుషులు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఏడుగురి వాసన. అక్కడ తయారయ్యేది అరచేతిలో పట్టే ఒక సెన్సర్. మేడమీది నీళ్ల ట్యాంకు మూతకి లోపలివైపు బిగిస్తే, నీళ్లు ఎంతున్నాయో, ఎప్పుడు తగ్గాయో, ఎక్కడైనా కారిపోతున్నాయేమో ఫోనుకి చెబుతుంది. మేడెక్కి మూత తీసి చూసినా తెలుస్తుంది కదా అని అడిగిన పెద్దమనిషిని సంస్థవారు మళ్లీ పిలవలేదు.

సంస్థాపకుడికి ఇంకా ముప్ఫై దాటలేదు. "మన దగ్గర సార్లూ మేడమ్‌లూ లేరు, అందరం సమానం" అని మొదటిరోజే ప్రకటించాడు. మరి మిమ్మల్ని ఏమని పిలవాలని అడిగితే, "కెప్టెన్ అనండి చాలు" అన్నాడు. సమానత్వం సజావుగా సాగుతున్నంతసేపూ ఆయన ఆమెను అక్కా అంటాడు. కోపం వస్తే మేడమ్ అంటాడు.

ఆమె ఒక పెద్ద కంపెనీని వదిలి ఇక్కడికి వచ్చింది ఒకే ఒక్క షరతు మీద. ఆ షరతు పేరు బుధవారం. భర్త ఒక ప్రెస్సులో అచ్చుయంత్రం నడుపుతాడు. వారపత్రిక అచ్చయ్యేది బుధవారం. ఆ రోజు పొద్దున్నే వెళ్లినవాడు చీకటిపడ్డాక మోచేతుల దాకా సిరాతో తిరిగొస్తాడు. మిగతా రోజుల్లో ఆయనది సాయంత్రం షిఫ్టు కనుక, ఆమె ఇల్లు చేరేదాకా ఆయన ఇంట్లో ఉంటాడు, పూట గడుస్తుంది. నిరుడు అత్తగారికి తుంటి ఎముక విరిగితే లోపల స్టీలు వేశారు. బుధవారం బుధవారం ఒకావిడ వచ్చి కాళ్లకి వ్యాయామం చేయిస్తుంది. అదయ్యాక వేణ్ణీళ్ల స్నానం చేయించాలి. పక్కన మనిషి లేకుండా అడుగు వేయకూడదని, వంగకూడదని డాక్టరు ఆజ్ఞ. ఎవరినీ ఏమీ అనకూడదని ఆయన చెప్పలేదు కనుక ఆ కార్యక్రమం మాత్రం యథావిధిగా సాగుతోంది.

"బుధవారం నా ఇల్లే నా ఆఫీసు" అని ఆమె అంటే, "పని చూస్తాం గానీ కుర్చీ చూస్తామా అక్కా!" అని కెప్టెన్ చేయి ఊపేశాడు. ఆ మాట కాగితం మీద పెట్టమని ఆమె అడగలేదు. వృత్తిజీవితం మొత్తంలో ఆమె పట్టలేకపోయిన తప్పు అదొక్కటే.

ఇక ఆ సంస్థకి ఒక ఆచారం ఉంది. తయారైన ప్రతి సెన్సరూ ముందు సిబ్బంది ఇళ్లలో పనిచేసి చూపించాలి. అందుకని ఏడుగురి ఇళ్ల ట్యాంకుల్లోనూ ఏడు సెన్సర్లు బిగించారు. ఆఫీసు గోడమీద పెద్ద టీవీ, అందులో ఏడు నీలం గళ్లు. ఎవరింట్లో నీళ్లు తగ్గితే వాళ్ల గడిలో గీత కిందికి దిగుతుంది. దీనివల్ల విజ్ఞానశాస్త్రానికి ఎంత మేలు జరిగిందో తెలియదు గానీ, సంస్థలో రహస్యం అన్నది లేకుండా పోయింది. అమ్మకాలు చూసే అతను కస్టమర్ ఎదుట కూర్చున్నానని ఫోనులో చెబుతున్న సమయంలోనే అతని ట్యాంకు శుభ్రంగా స్నానం చేసింది. సెన్సర్లకి వైర్లు అతికే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు; ఆయన ఇంటికి చుట్టాలొచ్చిన సంగతి ఆయన భార్య ఫోను చేసి చెప్పకముందే గోడ చెప్పేసింది.

రోజూ పొద్దున ఆ టీవీ ముందు సమావేశం. నిలబడే జరుపుకోవాలి. నిలబడితే తొందరగా ముగుస్తుందని సిద్ధాంతం. కెప్టెన్‌కి కాళ్లు బలమైనవి కావడంతో సిద్ధాంతం నిలబడలేదు, మిగతావాళ్లు నిలబడ్డారు.

ఒక గురువారం కెప్టెన్ ఆమె గడి మీద కర్ర పెట్టాడు.

"ఇదేంటి మేడమ్?"

"మా ట్యాంకు."

"అది తెలుస్తోంది. నిన్నటిది చూడండి. ఇక్కడ దిగింది, మళ్లీ ఇక్కడ దిగింది, మధ్యాహ్నం మళ్లీ. ఇంట్లో ఏం పని జరుగుతోందో ఇంకా చెప్పాలా?"

"మొదటిది అత్తయ్య స్నానం. రెండోది బట్టలు, మెషిన్ ఉతికింది. మూడోది పాప బడినుంచి వచ్చి కాళ్లు కడుక్కుంది. మధ్యలో నేను పట్టిన తప్పులు మీ ఫోనుకొచ్చాయి. చూశారా?"

"తప్పుల సంగతి కాదు. కంపెనీ ఒక కుటుంబం లాంటిది. ఇక్కడ అందరూ రాత్రింబవళ్లు..." అంటూ ఆయన మూలన ఉన్న బూరె లాంటి మెత్తటి కుర్చీ వంక చూపించాడు. కొద్దిరోజులుగా ఆయన దానిమీదే నిద్రపోతున్నాడు. ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల యజమాని త్వరలో సెన్సర్లు చూడటానికి వస్తున్నాడు. ఆ దీక్షలో ఉన్నాడాయన. "వచ్చే బుధవారం నుంచి అందరూ ఇక్కడే. కుదరదంటే ఇంకోచోటు చూసుకోవచ్చు."

బాబాయ్ నేల చూశాడు. అమ్మకాల అతను పైకప్పు చూశాడు. ఆమె కెప్టెన్‌నే చూసింది.

ఆ రాత్రి ఇంట్లో ఈ సంగతి విని భర్త తల గోక్కున్నాడు. "బుధవారానికి ఎవరినైనా మనిషిని పెట్టుకుందామా?"

"మనిషి దొరక్క కాదు. మాటిచ్చి చేర్చుకున్నాడు. ఇప్పుడు బుధవారం వదిలేస్తే రేపు ఆదివారం అడుగుతాడు."

మంచం మీంచి అత్తగారు అందుకున్నారు. "నా స్నానం కోసం కోడలు ఉద్యోగం పోగొట్టుకుందని రేపు నలుగురూ నన్నే అంటారు. ఆ ఒక్కరోజూ నేను పోసుకోను, పో."

"మీ స్నానం సంగతి నలుగురికీ ఇప్పటికే తెలుసు అత్తయ్యా. గోడమీద టీవీలో వస్తోంది."

ఆవిడ లేచి కూర్చోబోయారు, తుంటి ఒప్పుకోలేదు. "ఏంటీ? నేను టీవీలో వస్తున్నానా?"

"మీరు రారు. నీళ్లు తగ్గడం వస్తుంది."

"ఎన్ని నీళ్లు పోసుకున్నానో ఆ మగాళ్లందరికీ తెలుసా?"

"లీటర్లతో సహా."

అత్తగారు దుప్పటి గడ్డందాకా లాక్కున్నారు. తర్వాత చాలా స్పష్టంగా అన్నారు: "వాడెవడే నా నీళ్లు కొలవడానికి? బుధవారం ఇవ్వకు. వాడు కాళ్లమీద పడ్డా ఇవ్వకు."

"పడడులెండి."

"పడకపోతే అసలే ఇవ్వకు."

సోమవారం కెప్టెన్‌కి మళ్లీ ఆమె అక్క అయింది. "అక్కా, పెద్ద చిక్కొచ్చిపడింది. మా ఇంటి సెన్సర్ ఇరుక్కుపోయింది. శుక్రవారం నుంచి గీత కదలడం లేదు చూడు. ఆ అపార్ట్‌మెంట్ల ఆయన వచ్చి నా గడే చూశాడంటే పరువు పోతుంది. బాబాయ్‌ని తీసుకెళ్లి సంగతేంటో తేల్చెయ్. మేడ తాళం కాపలాదారు దగ్గరుంటుంది."

నిజమే, ఆరు గళ్లలో గీతలు పైకీ కిందికీ ఆడుతుంటే ఏడోది గీత గీసినట్టు తిన్నగా ఉంది. తప్పులక్క, బాబాయ్ వెళ్లారు. మేడెక్కి మూత తీశారు. ఆమె బకెట్టుతో నీళ్లు తోడింది. సెన్సర్ వెంటనే తగ్గాయంది. తిరిగి పోసింది; నిండాయంది. వంచి చూసింది, తడిపి చూసింది, బాబాయ్ వైర్లు పీకి మళ్లీ అతికాడు. ఆ సెన్సర్ నోటినుంచి ఒక్క అబద్ధం రాలేదు. అప్పుడే పక్క వాటాలో బట్టలారేస్తున్న ఆవిడ పలకరించింది.

"ఎవరండీ మీరు? వాళ్ల కోసమా? ఎవరూ లేరు. ఆ అమ్మాయి శుక్రవారం బాబుని తీసుకుని వాళ్ల పుట్టింటికి వెళ్లిపోయింది. రెండు పెట్టెలు."

బాబాయ్ మూత నెమ్మదిగా, ఎవరో నిద్రపోతున్నట్టుగా మూశాడు. దిగేటప్పుడు మెట్లమీద అడిగాడు, "ఏమని చెబుతావమ్మా?"

"తప్పు ఎక్కడుందో అదే చెబుతాను."

మంగళవారం పొద్దున అందరూ నిలబడ్డాక కెప్టెన్ అడిగాడు. "ఏంటక్కా, మా సెన్సర్ సంగతి?"

"లోపల గదిలో మాట్లాడదామా?"

"మన దగ్గర దాపరికాల్లేవు. అందరి ముందూ చెప్పెయ్."

ఆమె ఇంకోసారి అడిగింది. ఆయన ఇంకోసారి సమానత్వం చాటాడు. ఇక చెప్పక తప్పలేదు.

"సెన్సర్ నిక్షేపంలా ఉంది. ట్యాంకు నిండుగా ఉంది. ఇంట్లో వాడేవాళ్లే లేరు."

కెప్టెన్ నవ్వబోయి ఆగాడు. ఫోను తీసి వెనక్కి వెనక్కి జరిపాడు. ఎక్కడో వేలు ఆగింది. "మెసేజ్ పెట్టింది" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "అమ్మావాళ్లింటికి వెళ్తున్నానని... పెద్దదే పెట్టింది. నేను బొటనవేలు బొమ్మ పంపించాను."

కింద దుకాణంలో ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు. జాలి పడదగిన దృశ్యమే. ఆమెకి జాలి కలిగింది కూడా. అయితే కెప్టెన్ దాన్ని కుదురుగా కలగనివ్వలేదు. ఫోను జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుని, మెడ నిటారుగా పెట్టాడు.

"సరే. అది నా సొంత విషయం మేడమ్. రేపు బుధవారం. వస్తున్నారా?"

"ఇది మాత్రం సొంత విషయమా? మా అత్తయ్య స్నానం గోడమీద ఉన్నప్పుడు కాదే!"

"నేనడిగింది వస్తున్నారా అని."

"రావడం లేదు. మా ట్యాంకు కదులుతోందని నాది తప్పన్నారు. మీ ట్యాంకు కదలడం లేదని సెన్సర్‌ది తప్పన్నారు. ట్యాంకు కదిలితే తప్పా, కదలకపోతే తప్పా? ఏదో ఒకటి తేల్చుకుని చెప్పండి, అది పట్టుకుంటాను."

అమ్మకాల అతనికి దగ్గొచ్చింది. ఆ దగ్గులో నవ్వు ఉందని నిరూపించడం కష్టం.

"అంటే ఉద్యోగం వద్దనుకుంటున్నారన్నమాట."

"నేను వద్దనుకోవడం లేదు. మీరు తీసెయ్యాలనుకుంటే గురువారం తీసెయ్యండి. గురువారం ఆఫీసులో ఉంటాను. బుధవారం మాత్రం ఇంట్లో పనిలో ఉంటాను, రెండు పనుల్లోనూ."

సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఆమె మేడెక్కి తమ ట్యాంకు మూతకున్న సెన్సర్‌ని విప్పి, తుడిచి, సంచిలో పెట్టుకుంది. మర్నాడు గోడమీద ఆమె గడి బూడిదరంగులోకి మారింది. ఆ రోజు అత్తగారు ఎన్ని చెంబులు పోసుకున్నారన్నది చరిత్రకి అందలేదు. ఎక్కువే పోసుకున్నారని మాత్రం బాత్రూము చూస్తే తెలిసేది. వీపు రుద్దించుకుంటూ, సబ్బుకి సరిగ్గా నురగ రావడం లేదని, బకెట్టు పెట్టిన చోటు బాలేదని, కోడలి చెయ్యి పోయినవారం కన్నా బరువుగా ఉందని ఒక్కొక్కటిగా తెలియజేశారు.

"కోపం మీద ఉన్నావా ఏంటి?"

"లేదు, భయం మీద ఉన్నాను."

"దేనికే?"

"నిజంగానే తీసేస్తాడేమోనని."

అత్తగారు కాస్త ఆలోచించి, "తీసేస్తే తీసేశాడు. ముందు ఆ ఎడమపక్క రుద్దు" అన్నారు.

స్నానం అయ్యాక ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని పాప వచ్చేదాకా లేవలేదు. ఆ రోజు పట్టిన తప్పుల్లో ఒకటి మామూలుది కాదు. అపార్ట్‌మెంట్ల ఆయన ముందు బయటపడి ఉంటే సెన్సర్లన్నీ ఒక్కసారిగా మూగబోయేవి. అది కూడా మిగతావాటి మాదిరిగానే, ఒక్క అక్షరం ఎక్కువ రాయకుండా పంపించింది.

గురువారం ఆమె మెట్లెక్కేసరికి కెప్టెన్ మలుపు దగ్గర ఫోనులో ఉన్నాడు. "లేదు... లేదు, చదివాను. ఈసారి మొత్తం చదివాను" అంటున్నాడు. ఆమెను చూసి, ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు. గడ్డం పెరిగి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తీసేస్తున్నారా?" అంది ఆమె.

"నిన్న మీరు పంపింది చూశాను. బాబాయ్ దానిమీదే కూర్చున్నాడు."

"నేనడిగింది అది కాదు."

ఫోనులోంచి సన్నగా ఎవరో హలో హలో అంటున్నారు.

"తీసెయ్యడం లేదు మేడమ్."

"సరే. వచ్చే బుధవారం కూడా రాను."

"దానికి నేను ఒప్పుకోలేదు."

"నేనూ అడగలేదు" అంది ఆమె. "ముందు అక్కడ మాట్లాడండి, పాపం ఎదురుచూస్తున్నారు." ఆయన్ని దాటుకుని మిగతా మెట్లెక్కి, తన బల్ల దగ్గరికి వెళ్లి పని మొదలుపెట్టింది.