ఖురియాత్ ఒడ్డున స్థానికులం

మంగళవారం పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు ఖురియాత్ ఒడ్డున కారు దిగాం. మా మేనల్లుడు మల్లేశం పీటర్ దొరకు డ్రైవరు; ఊరు చూద్దామని నేనూ వాళ్ల వెంట వచ్చాను. ఒమాన్‌లో టూరిస్టుల కోసం ఎక్కడేం కట్టాలో చెప్పడానికి సర్కారు ఆ దొరను విదేశం నుంచి పిలిపించింది. జాలరి సాలెం పడవ నిలిపే చోటే దొర మ్యాపులో హోటల్ గీసి ఉంది.

మ్యాపు చూసి సాలెం, తమ్ముడు హమద్‌తో చాప పరిపించి కాఫీ పోశాడు. అక్కడ అతిథి తాగుతుండగా పని మాట ఎత్తరు. చాలనుకుంటే కప్పు ఊపి ఇవ్వాలి. దొరకది తెలియక ఆరు కప్పులు తాగాడు.

“కప్పు ఊపుమని చెప్పురా మల్లేశం, పాపం కడుపు పగుల్తది,” అన్నాను.

దొర ఊపాక సాలెం హిందీలో అన్నాడు: “పైనుంచి ఆర్డర్ వచ్చాక మేం కాదనలేం అమ్మా. గీయకముందు అడిగితే చెప్పేవాళ్లం.”

“ఇంకా కట్టలేదు గదా, ఇప్పుడన్న అడుగుమను,” అన్నాను.

మల్లేశం ఇంగ్లీషులో చెప్పాడు. దొర సాలెంను అడిగి, హోటల్‌ను గుట్ట పక్కకు జరిపాడు. కింద ‘స్థానికులను సంప్రదించాం’ అని రాసి మా అందరి సంతకాలు తీసుకున్నాడు. అరవై దాటాక నేర్చిన అక్షరాలతో నేనూ తెలుగులో పెట్టాను.

ఆ రోజు అక్కడున్న స్థానికులం: సాలెం, హమద్, మెట్‌పల్లి మల్లేశం, నెల రోజుల వీసా మీద వచ్చిన నేను, రాజవ్వ.