గేటు దాక

పెండ్లి బరాత్‌లో కీబోర్డు వాయించేవాడికి పాట మొదలుపెట్టడం ఒక్కటే తన చేతిలో ఉంటుంది. ఆపడం ఉండదు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర సిటీ బస్సు అడ్డమొస్తే బరాత్ ఆగుతుంది గానీ పెండ్లికొడుకు దోస్తులు ఆగరు. పాట అయిపోయిందని చేతులు తీస్తే "ఏందన్నా, గప్పుడే ఆపినవ్?" అని మీదికొస్తారు. అందుకే ట్రాలీ ఆటోలో కూర్చున్న కనకరాజు వేగం తగ్గించి, పెంచి, రాగం మార్చి, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుకుంటూ ఫంక్షన్ హాలు దాకా లాక్కొస్తాడు. అక్కడ గేటులో ఆడపిల్లవాళ్లు ఎర్రనీళ్ల పళ్లెంతో ఎదురొచ్చి పెండ్లికొడుక్కి హారతి ఇస్తారు. ఆ పళ్లెం పైకి లేచినప్పుడే బ్యాండు ఆగాలి. ఇన్నేళ్లలో కనకరాజు నేర్చుకున్న ముగింపు అదొక్కటే.

పగలు అతను నాచారంలో ప్లాస్టిక్ మూతలు పోసే కంపెనీలో మిషన్ ఆపరేటరు. మనిషి మెతక. క్యాంటీన్లో చల్లారిన చాయ్ ఇచ్చినా కిక్కురుమనకుండా తాగేస్తాడు. కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం ఎవరి మాటా చెవికెక్కదు. పక్కన డ్రమ్స్ మీద బామ్మర్ది మహిపాల్. చర్లపల్లి స్టేషన్లో పార్సిళ్లు దించే పని అతనిది, నోరు కాస్త పెద్దది. అయినా బావ ఎటు మళ్లితే అటు మళ్లగలిగినవాడు ఈ భూమ్మీద అతనొక్కడే. మహిపాల్ అక్క సంతోషి కనకరాజు భార్య. బరాత్ లైట్ల మిరుమిట్లలో కీబోర్డు మీద 'స' పలికే మెట్టు కనబడదని ఆమె దానిమీద తన బొట్టుబిళ్ల అంటించింది. చెమటకు ఊడినప్పుడల్లా ఇంకోటి అంటిస్తుంది.

ఇంతమంది పెండ్లికొడుకులను గేటు దాటించినవాడి పెండ్లి ఎలా జరిగిందో చెబితే నవ్వొస్తుంది, పాపం అనీ అనిపిస్తుంది. అది లాక్‌డౌన్ కాలం. బరాత్ లేదు, బ్యాండు లేదు. నుదుటికి బాసికం, మూతికి మాస్కు కట్టుకుని ఎవరిదో స్కూటర్ వెనక కూర్చుని సంతోషి వాళ్లింటికి వచ్చాడు. అత్త పళ్లెంతో గడపలోకి వచ్చిందో లేదో, సందు చివర పోలీసు బండి సైరన్ మోగింది. హారతి లేదు గీరతి లేదు, పెండ్లికొడుకును రెక్క పట్టి లోపలికి గుంజేశారు. ఎర్రనీళ్లు గడప మీద ఒలికిపోయాయి. ఆ సంగతి ఎత్తితే సంతోషి ఇప్పటికీ పడీపడీ నవ్వుతుంది. నవ్వాక బీరువాలోంచి పెండ్లి పట్టుచీర తీసి, మడత మార్చి పెడుతుంది.

ఒక సాయంత్రం రింగురోడ్డు మీద ట్రాఫిక్‌లో చిక్కుకున్నవాళ్లలో గౌతమ్ అనే కాకినాడ కుర్రాడున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఉప్పల్లో అద్దెకున్న డాబా గదిని రికార్డింగ్ స్టూడియోగా మార్చుకున్నాడు. కారు దిగొచ్చి ట్రాలీ పక్కనే నడిచాడు.

"ఇలా వేగం, రాగం మార్చుకుంటూ మీరు వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారండీ. గిటారు లేకుండా ఇద్దరే ఇలా వాయించడం నేనెక్కడా చూళ్లేదు. ఆల్బమ్ చేద్దామా?"

"మేం బరాత్ వాయిస్తున్నం సార్" అన్నాడు కనకరాజు, ఏదో తప్పు చేసినట్టు.

"చేద్దాం సార్, మా బావకు ఏం సమజ్ కాదు" అన్నాడు మహిపాల్.

కానీ ఆ మాట కనకరాజు మనసులో నాటుకుంది. ఇన్నేళ్లూ వాయించినవన్నీ ఎవరెవరివో పాటలు. తనదని చెప్పుకునే పాట ఒక్కటైనా ఉండాలని ఆ రాత్రే మొదటిసారి అనిపించింది.

ఆదివారాలు కూర్చుని మూడు పాటలు పూర్తి చేశారు. అన్నీ మాటల్లేనివి. ఒకటి మూతల మిషన్ చప్పుడు నుంచి పుట్టింది, ఒకటి జవహర్‌నగర్‌కు చెత్త మోసే లారీల హారన్లలోంచి, ఒకటి బోనాల డప్పులోంచి. ఒకదాంట్లోంచి ఒకటి నడిచివచ్చేవే కాబట్టి ముగింపుతో పని పడలేదు. చిక్కంతా చివరి పాటతోనే. దాని పేరు 'గేటు దాక'. అదెక్కడా ఆగేది కాదు.

పైగా గౌతమ్‌కు పుణె బదిలీ అయింది. మర్నాడే గది ఖాళీ చేయాలి. ఆ ఆదివారం పాట పూర్తికాకపోతే ఇక ఆల్బమ్ లేనట్టే.

పొద్దున్నుంచీ వాయిస్తున్నారు. ముగించమని అద్దం అవతల నుంచి గౌతమ్ చెయ్యెత్తాడు. బరాత్‌లో ఎవరైనా చెయ్యెత్తితే ఇంకా కొట్టమని అర్థం. కనకరాజు వేగం పెంచాడు. గౌతమ్ రెండు చేతులూ ఎత్తాడు. కనకరాజు ఇంకా పెంచాడు. మహిపాల్‌కు చెమటలు కారిపోయాయి.

"పోనీ రాజుగారూ, చివర్లో సౌండు మెల్లగా తగ్గించేస్తాను. చాలామంది అలాగే చేస్తారు" అన్నాడు గౌతమ్.

"పెండ్లికొడుకును తొవ్వల ఇడిసిపెట్టి పోతమా సార్?" అన్నాడు కనకరాజు. నిజంగానే నొచ్చుకున్నాడు.

మధ్యాహ్నం దాటేసరికి అతని ముఖం చిన్నబోయింది. "నాతోని కాదు. మీరన్నా జర నిమ్మలంగ సామాను సర్దుకోన్రి" అన్నాడు. మహిపాల్ మెట్ల మీదికెళ్లి అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, బావ ఆగుతలేడు. ఎర్రనీళ్లు కలుపుకొని రా."

సంతోషి ఎందుకని అడగలేదు. ఆటోలో రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది. గుమ్మంలో ఆమెను చూశాక ఆలస్యం ఎందుకో తెలిసింది. పెండ్లినాటి పట్టుచీర కట్టుకొచ్చింది.

"అక్కా, కర్పూరం వెలిగించకండి, గోడల నిండా ఫోమే, అంటుకుంటుంది" అని గౌతమ్ కంగారుపడ్డాడు.

"ఎలిగియ్యను తియ్ తమ్మీ. మీరు షురూ జెయ్యిన్రి" అని సంతోషి పళ్లెంతో తలుపు బయటే నిలబడింది.

ఒక్కసారి, ఆఖరిసారి అని మహిపాల్ బతిమాలి బావను కూర్చోబెట్టాడు. పాట మొదలైంది, రోడ్డెక్కింది, బస్సుల మధ్య ఇరుక్కుంది, బయటపడింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. పళ్లెం కనబడింది. కనకరాజు అలవాటుకొద్దీ పెండ్లికొడుకు ఎక్కడున్నాడా అని పక్కకు చూశాడు. మహిపాల్ తప్ప ఎవరూ లేరు. మహిపాల్ అతన్నే చూస్తున్నాడు.

అప్పటికి అర్థమైంది. చేతులు వాటంతటవే నెమ్మదించాయి. సంతోషి పళ్లెం పైకెత్తింది. బొట్టుబిళ్ల ఉన్న మెట్టు మీద వేలు ఆనించి, ఆ స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా కనకరాజు తల దించుకుని కూర్చున్నాడు.

ఆమె అతని చుట్టూ పళ్లెం తిప్పి, నుదుట బొట్టు పెట్టింది.

"నాడు గుంజుకపోయిన్రు" అంది. "ఇయ్యాల నిమ్మలంగ రా."

మైకులు ఇంకా ఆపలేదు. ఆ మాటా రికార్డయిపోయింది. కత్తిరించేద్దామని గౌతమ్ మౌస్ మీద చెయ్యి వేశాడు. చల్లారిన చాయ్ కూడా మాట్లాడకుండా తాగే కనకరాజు లేచి వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టకున్రి సార్. నా పాట గా మాటకాడనే అయిపోతది."