కంచికచర్ల దాటిన గ్రహం

ఒక కుర్రాడు చదువులో ఫస్ట్ వస్తే ఎంతమంది కొంప మునుగుతుందో మీరెప్పుడైనా ఆలోచించారా? నేనూ ఆలోచించలేదు. నందిగామలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతుండగా ఫిజిక్సులో ఫస్టొచ్చా. ఆ పుణ్యాన మా క్లాసు క్లాసంతా పరీక్షల దొంగలైపోయింది, మాలో అందరికంటే తెలివైన పిల్ల మిరప చేలో తేలింది, మా నాన్న ముగ్గురు ప్రొఫెసర్ల ముందు జీవితంలో మర్చిపోలేని పని చేశాడు. ఎలాగో చెప్తాను. మీరు నవ్వుకోవచ్చు. మేం మాత్రం అప్పుడు నవ్వలేదు.

మాది జగ్గయ్యపేట. నాన్నకి ఎరువుల కొట్టు. నేను రోజూ బస్సెక్కి నందిగామ వెళ్లి చదువుకునేవాణ్ణి. నా భాషలో చదువుకోవడమంటే బట్టీ పట్టడం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, జపం చేసుకునే ముసలమ్మలా పెదాలు కదుపుతూ పేజీలకి పేజీలు మింగేసేవాణ్ణి, కామాలతో సహా. ఒకసారి పుస్తకంలో అచ్చుతప్పు పడితే దాన్నీ మింగి పరీక్షలో అలాగే అప్పజెప్పా. దానికీ మార్కులేశారు. అర్థం సంగతి మాత్రం అడక్కండి. అన్నం తినేవాడు వరి ఎలా పండిందో తెలుసుకుని తింటాడా?

మొదటి మిడ్ పరీక్షలో ఫిజిక్సు ఫస్టు నాదే. పద్మజ మేడం నా పేపరు పైకెత్తి క్లాసంతటికీ చూపించారు. ఆ రోజు నుంచీ కొట్లోకి యూరియా కోసం వచ్చిన ప్రతి రైతుకీ నాన్న ముందు నా మార్కులు చెప్పి తర్వాత బస్తా ఇచ్చేవాడు. పురుగుమందు అడిగితే ఇంకొంచెం వివరంగా చెప్పేవాడు.

అంతవరకూ ఎవరికీ నష్టం లేదు. తర్వాత మేడం ప్రసవానికని సెలవు మీద వెళ్లారు. ఆవిడ బదులు ఇంకొకరొస్తారన్నారు. వచ్చే వారమన్నారు, ఆ పైవారమన్నారు. సెమిస్టరు పరీక్షలే ముందొచ్చేట్టున్నాయి. అప్పుడు క్లాసంతా కలిసి నా మీద పడ్డారు. ఫస్టొచ్చినవాడివి, నువ్వు చెప్పమని.

నాకు రాదని చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచా కూడా. కానీ బ్లాక్ బోర్డు ముందు నిలబడి, చేతికి సుద్దముక్క అందాక, మనిషికి ఏదో అవుతుంది. కొత్త బండి మొదటిసారి స్టార్టయినట్టు లోపల గుర్రుమంటుంది. గొంతు సవరించుకున్నా.

ఫోన్లో వీడియోలున్నాయి కదా అనొచ్చు మీరు. ఉన్నాయి, చూశారు కూడా. అందులో ఎవరో గబగబా ఇంగ్లీషులో చెప్పుకుపోతుంటే సగంలో ఆపేసి నా దగ్గరికొచ్చారు. నేనైతే తెలుగులో చెప్తా, పైగా ఉదాహరణలతో చెప్తా.

ఆ వేళ పాఠం గ్రహాల చలనం. భయపడకండి, చిన్నదే. గ్రహం సూర్యుడి చుట్టూ నిండు గుండ్రంగా కాదు, కాస్త కోడిగుడ్డులా సాగిన దారిలో తిరుగుతుంది. అంచేత ఒకచోట సూర్యుడికి దగ్గరగా వస్తుంది, ఒకచోట దూరంగా పోతుంది. పుస్తకంలో ఏముందంటే, పెరిహీలియన్ దగ్గర గ్రహం వేగం ఎక్కువ, అప్‌హీలియన్ దగ్గర తక్కువ. ఈ వాక్యం నాకు నిద్రలో లేపినా వచ్చు. అప్పజెప్పా. అందరూ రాసుకున్నారు. వెనక బెంచీలోంచి ఎవడో, "పెరిహీలియన్ అంటే ఏంట్రా?" అన్నాడు.

నాకేం తెలుసు? పుస్తకంలో ఆ మాటకి అర్థం వేరే పేజీలో ఉంది. ఆ పేజీ ముఖ్యమైన ప్రశ్నల్లో లేదని నేను మింగలేదు. కానీ క్లాసంతా కలాలు పట్టుకుని నా వంకే చూస్తోంది. బుర్రలో వెతికా. పెరి. పెరి అంటే పెరగడం. ఏం పెరుగుతుంది? దూరం. ఆహా అనుకున్నా.

"పెరి అంటే దూరం పెరిగిన చోటు," అన్నా. "అక్కడే గ్రహం వేగంగా పోద్ది. సూర్యుడి దగ్గరికొస్తే నెమ్మదిస్తది. మన బెజవాడ బస్సు చూడండి. నందిగామ సెంటర్లో నత్తలా పాకుద్దా? కంచికచర్ల కూడా దాటాక ఎట్టా పోద్ది? అంతే."

క్లాసంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. అర్థమైనప్పుడు జనం మొహాల్లో ఒక వెలుగొస్తుంది, మీరూ చూసే ఉంటారు. తప్పు అర్థమైనా ఆ వెలుగు అంతే ఉంటుంది. అదే దారుణం.

ఒక్క మేరీ మొహంలోకి మాత్రం అది రాలేదు. మేరీది వీరులపాడు దగ్గర. వాళ్లమ్మ కూలి పనికెళ్తుంది. ఇంటర్ అయ్యాక మేరీ బట్టల షాపులో పని చేసి, మానేసి, అన్నయ్యని ఎలాగో ఒప్పించి కాలేజీలో చేరింది. టీచరు కావాలని. ఆ అమ్మాయి లేచి నిలబడి, దగ్గరికొస్తే సూర్యుడు ఇంకా గట్టిగా లాగుతాడు కదా, అప్పుడు ఇంకా జోరుగా పోవాలిగా, నెమ్మది ఎందుకవుద్దని అడిగింది.

గమనించారా? ఆ గదిలో ఫిజిక్సు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ మనిషి నిలబడి నన్ను అడుగుతోంది.

"ఫస్టొచ్చింది నువ్వా నేనా?" అన్నా.

క్లాసు నవ్వింది. మేరీ కూర్చుంది.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నాకు రెక్కలొచ్చాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, పెరిహీలియన్ దగ్గర వేగం ఎక్కువ అని కక్కేసి బయటికొచ్చా. మిగతావాళ్లు పుస్తకం మింగలేదు, నా పాఠం మింగారు. సూర్యుడికి దూరంగా ఉన్నచోట గ్రహం వేగంగా పోతుందని రాసి, ఉదాహరణకి కంచికచర్ల బస్సు రాశారు. ఇంగ్లీషులో, తెలుగులో, సగం సగం. ఒకడు బొమ్మ కూడా గీశాడు, మధ్యలో సూర్యుడు, చుట్టూ బస్సు.

ఎక్కడో కూర్చుని ఆ పేపర్లు దిద్దే మనిషిని ఊహించుకోండి. మొదటి బస్సుకి నవ్వుకుని ఉంటాడు. రెండోదానికి కళ్లజోడు తుడుచుకుని ఉంటాడు. బస్సు తర్వాత బస్సు, బస్సు తర్వాత బస్సు, కట్ట అయ్యేవరకూ.

రిజల్ట్స్ వచ్చిన రోజు క్లాసులో ప్రతి పేరుకీ ఎదురుగా ఫిజిక్సు ఫలితం నిలిపివేశామని ఉంది. నా పేరు ఎదురుగా మాత్రం మార్కులున్నాయి. కాలేజీ ఫస్టు. సామూహికంగా కాపీ కొట్టారని అనుమానమట, యూనివర్సిటీ నుంచి విచారణకొస్తారట, రుజువైతే పరీక్షలన్నీ రద్దు చేసి ఇంకొన్నేళ్లు రాయనివ్వరట. ఆఫీసులో గుమాస్తా ఈ ముక్కలు చెప్తుంటే మా వాళ్లలో ఇద్దరు అక్కడే మెట్ల మీద కూలబడ్డారు. ఎందుకొచ్చిందీ గొడవని నేనూ అందరితో పాటు ఆశ్చర్యపోయా. ఆ మాటా ఈ మాటా కలిపి సంగతి బయటపడ్డాక, ఆ మింగని పేజీ తీసి చూశా. పెరిహీలియన్ అంటే సూర్యుడికి అతి దగ్గరి చోటు.

నాకు వెంటనే మేరీ గుర్తొచ్చింది. అప్పటికే ఆ అమ్మాయి కాలేజీ మానేసింది.

విచారణకి ముగ్గురొచ్చారు. మా వాళ్లు నిజమే చెప్పారు, సార్ మేం కాపీ కొట్టలేదు, సుధీర్ చెప్పిందే రాశాం అని. సుధీర్ అంటే నేనే. వాళ్లు నమ్మలేదు. నమ్మకపోవడంలో న్యాయం ఉంది. సుధీర్ పేపర్లో జవాబు కరెక్టుగా ఉంది. కరెక్టు తెలిసినవాడు తప్పెందుకు చెప్తాడు? కావాలని క్లాసుని ముంచాడా? లేక ఈ పిల్లలే వాడి మీదకి నెడుతున్నారా? తండ్రిని తీసుకుని రమ్మని నాకు కబురొచ్చింది.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. సన్మానం కాదు నాన్నా, విచారణ అని బస్సులో జగ్గయ్యపేట నుంచీ చెప్తూనే ఉన్నా. అయినా పెద్దవాళ్లొచ్చారుగా, ఒట్టి చేతులతో ఏం బాగుంటుందన్నాడు.

ముగ్గురిలో పెద్దాయన మెత్తగా మాట్లాడే మనిషి. ఆ పాఠం నేనే చెప్పానని నిలబడి ఒప్పుకున్నా. మరి పేపర్లో కరెక్టు ఎలా రాశావని అడిగారు. బట్టీ అండి, అన్నా.

"మావాడు బట్టీ కొట్టడండీ," అన్నాడు నాన్న. "అర్థం చేసుకుని చదువుతాడు. మొదటి మిడ్డులో కూడా ఫస్టే."

"నాన్నా, నాకు రాదు."

"వచ్చండీ. కంగారుపడుతున్నాడు."

"నిజంగా రాదండి," అన్నా పెద్దాయనతో. లోకంలో ఏ విద్యార్థీ ఇంత కష్టపడి తనకి చదువు రాదని రుజువు చేసుకుని ఉండడు. నా వెనక తలుపు అవతల క్లాసంతా నిలబడి వింటోంది. నేను గనక తెలివైనవాణ్ణని తేలితే వాళ్లందరూ పోయినట్టే.

పెద్దాయన నా పేపరు తెరిచి, వేలు పెట్టి చూపించి, నెమ్మదిగా అడిగారు. "నీకిక్కడ పూర్తి మార్కులొచ్చాయి. ఆ రోజు నీ క్లాసులో ఏం చెప్పావో అదే చెప్పు బాబూ. పెరిహీలియన్ అంటే ఏంటి?"

"దూరం పెరిగిన చోటండి."

"పెరిగిన చోటా?"

"పెరి అంటే పెరగడం కదండి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాన్న గర్వంగా ముందుకి వంగి, "చూశారా, అడగ్గానే చెప్పాడు," అంటూ స్వీట్ల డబ్బా మూత తీశాడు.

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఈ పిల్లలు కాపీ కొట్టలేదని పక్కనున్నవాళ్లతో అన్నారు. ఇలాంటిది కాపీ కొట్టడానికి ఎక్కడా దొరకదట. ఆ తర్వాత, ఇన్నాళ్లూ ఇక్కడ ఫిజిక్సుకి లెక్చరర్ లేకుండా ఎవరు ఊరుకున్నారని ఇంకో ప్రశ్న వేశారు. అప్పటికి నాన్నకి విషయం అర్థమైనట్టుంది. డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు. కొట్లో నా మార్కుల గురించి ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు. యూరియా అడిగితే యూరియా ఇచ్చాడు. అది చూస్తే తిట్టినా బాగుండేదనిపించింది.

ఫలితాలు విడుదల చేస్తారని తెలిశాక వీరులపాడు వెళ్లా. మిరప కోతలు జోరుగా సాగుతున్నాయి. చేలో అడుగు పెట్టగానే ఘాటుకి తుమ్ములు మొదలై, నేను తెచ్చిన శుభవార్త తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పాల్సొచ్చింది. మేరీ తలకి తువ్వాలు చుట్టుకుని సాలులో నిలబడి వింది. చేతులు ఎర్రగా ఉన్నాయి. వాళ్లమ్మ నడుం ఎత్తకుండానే కాయలు తెంపుతూ, మా పిల్ల కాపీ కొట్టిందని ఊళ్లో అందరూ అన్నారు బాబూ, వాళ్లన్న చదువు చాలించమన్నాడు అంది. నేను ఇంకోసారి తుమ్మా. ఏం చెప్పాలో తెలియనప్పుడు అది కాస్త సాయం.

"ఆ రోజు నేనన్నదే రైటా?" అంది మేరీ.

"రైటే."

ఆ అమ్మాయి రెండు కాయలు తెంపి సంచిలో వేసింది. "పరీక్షలో ముందు నాకు తోచిందే రాశా. తర్వాత నువ్వు ఫస్టు కదా అని కొట్టేసి, బస్సు రాశా," అంది.

తిడుతుందనుకుని వెళ్లా. తిట్లకైతే సిద్ధమయ్యా. దీనికి కాలేదు.

వాళ్లన్నయ్యతో మాట్లాడ్డానికి పద్మజ మేడం చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చారు. మేరీ కాలేజీకి తిరిగొచ్చింది. అయితే రాని రోజుల పాఠాలూ, రాయని మిడ్డులూ పోయినట్టే. కొట్టేసిన జవాబుకి మార్కులు రావు కాబట్టి ఆ కాసిని మార్కుల తేడాతో ఫిజిక్సు తప్పింది, మళ్లీ రాసి గట్టెక్కింది. మా క్లాసులో ఇంకా కొందరికి అదే గతి పట్టింది. ఇద్దరు అసలు తిరిగే రాలేదు. వాళ్ల ఊళ్లకి వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక నా సంగతి. నాకు ఫిజిక్సు రాదని ముగ్గురు ప్రొఫెసర్లు సంతకాలు పెట్టి తేల్చారు గదా, మార్కులు తీసేస్తారనుకున్నా. తీయలేదు. అర్థం కానందుకు మార్కులు కోసే రూలు యూనివర్సిటీలో లేదట. జవాబు కరెక్టు, కాబట్టి నేనే ఫస్టు. కాలేజీ వార్షికోత్సవం రోజు నన్ను స్టేజీ మీదకి పిలిచి, శాలువా కప్పి, భౌతిక శాస్త్రంలో అసాధారణ ప్రతిభ అని మైకులో చదివారు. కింద మా క్లాసు కూర్చుని ఉంది. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. చివరికి మేరీ ఒక్కతే కొట్టింది. నవ్వుతూ కొట్టిందో, జాలిపడి కొట్టిందో, నాకిప్పటికీ తెలియదు.

ఆ స్టేజీ మీదే, ఆ శాలువా మీదే చెయ్యి వేసి, నాలో నేను గట్టిగా ఒట్టు పెట్టుకున్నా. అర్థం కాని విషయంలో ఈ జన్మలో మళ్లీ ఫస్టు రానని. నా గురించి ఎవరేమనుకున్నా సరే, ఈ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నా. ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా నేను దేంట్లోనూ ఫస్టు రాలేదు.