మెర్సీ టీమ్ కోసం నేను చేసిన ప్రార్థన

నిన్న సాయంత్రం మ్యాచ్‌కి మీలో ఒక్కరూ రాలేదు కాబట్టి బతికిపోయాను. వచ్చినవాళ్ళు మీ చెవిన వేసేలోపు నేనే చెప్పేస్తాను, కనీసం నాకు అనుకూలంగా చెప్పుకోవచ్చు. అభిమానులు తమ టీమ్ కోసం ఏమేమో చేస్తారు. మొహాలకి రంగులు పూసుకుంటారు, గొంతు పోయేలా అరుస్తారు, రిఫరీని తిడతారు. నేను మాత్రం నిండు చర్చిలో, మైకు పట్టుకుని, పగవాడు కూడా చెయ్యని పని మా టీమ్‌కి చేశాను. పైగా ముందు వరసలో కూర్చున్న ఆ టీమే దానికి "ఆమెన్" అంది!

మా అక్క కూతురు మెర్సీ తెలుసుగా? ఈ ఏడు వాళ్ళ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్‌కి అదే కెప్టెన్. పదవి గొప్పదే. కానీ ఆ టీమ్ కిందటేడు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ పిల్లల్ని పిలిచి, ఈ సీజన్లో ఒక్కటైనా గెలవకపోతే టీమ్ ఎత్తేసి, కోర్టుని కార్ల పార్కింగ్‌కి ఇచ్చేస్తానని తేల్చి చెప్పేసింది. అప్పట్నుంచి మెర్సీకి అన్నం సయించడం లేదు. కరెంటు ఉన్నా లేకపోయినా మెట్ల మీద బంతి కొడుతూనే ఉంటుంది. కింది ఫ్లాటు ఆవిడ దెబ్బలాటకి పైకొచ్చి, దీని మొహం చూసి, ఉప్పు అడిగి పట్టుకెళ్ళింది.

పిల్ల ఇంత కష్టపడుతుంటే అభిమానులం మేమేం చేస్తున్నాం? టీ తాగుతున్నాం. లత పేటలో నేను లెక్కలు రాసే హార్డ్‌వేర్ షాపు పక్క సందులో టీ కొట్టు ఉంది కదా, అక్కడే మా క్లబ్బు. సభ్యులం ముగ్గురం. నేను, మా మేనమామ దావీదు, బర్మా వాళ్ళలా మేమూ 'కో' తగిలించి అన్నగా పిలుచుకునే కో అప్పన్న. మావయ్య చర్చిలో పెద్ద. కో అప్పన్న వాళ్ళది గంజాం వైపు హిందూ కుటుంబం, ఆయన కూతురు లక్ష్మి మెర్సీ టీమ్‌లో సెంటర్. మా ముగ్గురిలో బంతి పట్టుకుని రింగులో వేసినవాళ్ళు ఒక్కరూ లేరు, కాబట్టి మా విశ్లేషణకి అడ్డూ అదుపూ ఉండదు.

"సెంటర్‌కి ఎత్తు సాలదు," అన్నాడు మావయ్య ఆ రోజు, వేయించిన ఈచాక్వే ముక్క టీలో ముంచుతూ.

"మా లక్ష్మికి ఎత్తేటి తక్కువ?" కో అప్పన్నకి రోషం వచ్చింది. "ఆ రింగే మరీ పైన కట్టీసినారు."

"పోనీ డిఫెన్స్ ఏటంటావు?"

"డిఫెన్స్‌కేటి? అవతలోళ్ళు దూసుకుని రాకపోతే మనోళ్ళ డిఫెన్స్ బ్రమ్మాండంగా ఉంటాది."

"మరి కిందటేడు అంత సిత్తుగా ఎందుకు ఓడిపోనారు?"

ఇక్కడే నేను నోరు తెరిచాను. మూసుకుని టీ తాగి షాపుకి పోతే ఏ గొడవా ఉండేది కాదు! "మావయ్యా, ఏమీ అనుకోకు. కిందటేడు పోయింది డిఫెన్స్ వల్ల కాదు. నీ ప్రార్థన వల్ల," అన్నాను.

మావయ్య చేతిలో ముక్క టీలోనే ఉండిపోయింది.

కానీ నేను ఆగితేనా? "నువ్వేం చేశావు? లోకంలో ఉన్న రోగులన్నావు, ప్రయాణంలో ఉన్నవాళ్ళన్నావు, డెల్టాలో వరిచేలన్నావు, ట్వంటేలో మన చిన్న తాతయ్య మోకాళ్ళన్నావు. అందరూ కునుకు తీసి లేచాక 'మరియు మా విద్యార్థినుల క్రీడలు' అన్నావు. ఏ క్రీడో కూడా దేవుడికి చెప్పలేదు! సూటిగా అడగాలి మావయ్యా. ప్రార్థన కూడా కోచింగ్ లాంటిదే."

డిఫెన్స్ బాగోలేదని ఒప్పుకోవడం కన్నా ప్రార్థన బాగోలేదనడం కో అప్పన్నకి కూడా సుఖంగానే ఉంది. "నిజమేనండోయ్," అని తలూపాడు. మావయ్య మాత్రం ముక్క బయటికి తీసి, నా వైపు చూసి, చాలా నెమ్మదిగా అన్నాడు. "అయితే వొచ్చే ఆదివారం నువ్వే సెయ్యే ఎస్తేరూ. మైకు నీకే ఇస్తాను. తెలుగులో."

ఆ చివరి మాటతో నాకు చెమట పట్టింది. మా చర్చిలో ఇదొక పట్టింపు. పాటలు బర్మా భాషలో పాడుకోవచ్చు, ప్రకటనలు ఇంగ్లీషులో చదువుకోవచ్చు, ప్రత్యేక ప్రార్థన మాత్రం తెలుగులోనే చెయ్యాలి. నా తెలుగు సంగతి మీకు తెలుసు. వంటింటి తెలుగు. కూర, చారు, తిట్లు గడగడా వస్తాయి. ప్రార్థన తెలుగు వేరు. చిన్నప్పట్నుంచి వింటున్నాను, తల ఊపుతున్నాను, నోటితో మాత్రం ఎప్పుడూ వాడలేదు. అందులోనూ ఆట మాటలైతే మన ఇళ్ళల్లో అంతా బర్మాయే కదా. గెలిస్తే 'నైన్', ఓడితే 'షోన్'. ఇప్పుడు మీ ముందు గెలుపు, ఓటమి అని ఇంత చక్కగా అంటున్నానంటే, అది ఈ వారంలో తగిలిన దెబ్బల వల్ల.

వెనక్కి తగ్గితే పరువు పోతుంది. మావయ్యనే ఒక వాక్యం చెప్పమన్నాను. పాపం, మంచి వాక్యమే ఇచ్చాడు. "ప్రత్యర్థులను ఓడించే బలము మా పిల్లలకు దయచేయుము." బట్టీ పట్టమన్నాడు. బస్సులో వస్తూ పోతూ అదే వల్లించాను. ఆ ప్రత్యర్థులు ఉన్నారే, వాళ్ళు నా నోట్లో తిరిగితే ఒట్టు! పక్కన కూర్చున్నావిడ నేనేదో మంత్రం వేస్తున్నాననుకుని కొంచెం జరిగి కూర్చుంది.

ఆదివారం వచ్చింది. టీమంతా ముందు వరసలో కూర్చుంది. జెర్సీల కింద లుంగీల్లాంటి లౌంజీలు కట్టుకుని, బుగ్గలకి థానఖా గంధం పూసుకుని, బుద్ధుడికి మొక్కే పిల్లలు కూడా బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. కో అప్పన్న గుడికెళ్ళి బొట్టు పెట్టుకుని మరీ వచ్చి వెనక బెంచీలో సర్దుకున్నాడు. మెర్సీ నా వైపే చూస్తోంది. ఈ ప్రార్థన ఎలాగైనా బాగా చెయ్యాలి అనుకున్నాను.

మొదలు బ్రహ్మాండంగా పడింది. "ప్రేమగల తండ్రీ, మా పిల్లల్ని దీవించు." ఆమెన్! "మా పిల్లల్ని నడిపించు." ఆమెన్! "మా పిల్లల్ని రక్షించు." ఆమెన్! ఊపు వచ్చింది. ఇక అసలు వాక్యం. గాలి పీల్చుకుని ఒక కన్ను తెరిచాను.

ఎదురుగా నొవోమి!

నొవోమి మా చర్చి పిల్లే. కానీ చదివేది వేరే కాలేజీ. మెర్సీ వాళ్ళ మొదటి మ్యాచ్ ఆడాల్సింది సరిగ్గా ఆ కాలేజీతోనే, ఆ టీమ్‌లో నొవోమి గార్డ్. వాళ్ళ మామ్మ పక్కన కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నా మాటలకి ఆమెన్లు చెబుతోంది. ఆ పిల్ల మొహం మీదే ప్రత్యర్థి అని ఎలా అంటాను చెప్పండి? మనసొప్పలేదు. నోరూ తిరగలేదు. అందుకని ఆ ఒక్క మాటా తీసేద్దామనుకున్నాను. తీసేశాక చూస్తే వాక్యంలో నాకు గుర్తున్నది ఒకటే మిగిలింది. ఓడించు.

ఆలోచించండి. దీవించు, నడిపించు, రక్షించు, ప్రేమించు, క్షమించు. మా చర్చిలో 'ఇంచు' అని ముగిసే మాటలన్నీ మంచివే. ఇది కూడా ఆ కుటుంబంలోదే అనుకున్నాను.

"మా పిల్లల్ని ఓడించు ప్రభువా!"

ఆమెన్ అంటే అదీ ఆమెన్! కుర్రకారుకి మాట తెలీదు, పెద్దవాళ్ళు సగం నిద్రలో ఉన్నారు, అందరూ కలిసి కప్పు లేచిపోయేలా అన్నారు. నాకది చప్పట్లు కొట్టినట్టే అనిపించింది. ఇంకేం ఆగుతాను? "మొదటి మ్యాచ్‌లోనే ఓడించు!" ఆమెన్! టీ కొట్టులో మావయ్య వాడిన మాట కూడా గుర్తొచ్చింది, వాడేశాను. "చిత్తుగా ఓడించు తండ్రీ! అందరూ చూస్తుండగా ఓడించు!" ఆమెన్, ఆమెన్! మెర్సీకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పక్కనున్న బర్మా పిల్లలు ఏమిటేమిటని అడుగుతుంటే, బాగా గెలిపించమంటోందని అదే చెవిలో అనువాదం చేసి పెట్టింది. మావయ్య ఒక్కడే ఆమెన్ అనలేదు. కుళ్ళు అనుకున్నాను.

ఆరాధన అయ్యాక బయట టీ తాగుతూ, అందరి చేతులూ అందుకుంటూ నిలబడ్డాను. అప్పుడొచ్చింది నొవోమి. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"తేంక్యూ ఆంటీ. మీ సొంత పిల్లలు ఆడతన్నా మా టీమ్ కోసం ప్రేయర్ సేసినారు. మా మామ్మ ఏడ్సీసింది ఆంటీ."

"మీ టీమ్ కోసమా? ఏటే?"

"అదే ఆంటీ, మా పిల్లల్ని ఓడించు అన్నారు కదా. వాళ్ళు ఓడిపోతే మేమే కదా గెలిసేది?"

వాళ్ళ మామ్మ ఆ పిల్లకి తెలుగు నేర్పింది. శుభ్రంగా నేర్పింది. ఇప్పుడు తప్పయిందంటే నా పరువు పోతుంది, పక్కనే ఉన్న మెర్సీ గుండె జారిపోతుంది. "అవునమ్మా. క్రైస్తవులం కదా," అన్నాను.

నొవోమి అటు వెళ్ళగానే మావయ్య ఇటొచ్చాడు. "ఏటే, ఏటి సేసీసినావు?"

"మావయ్యా, దేవుడికి నా ఉద్దేశం తెలుసు కదా?"

"ఉద్దేశమూ తెలుసు. తెలుగూ తెలుసు."

పాస్టర్ గారు మంచాయన. దేవుడు హృదయాన్ని చూస్తాడమ్మా అని నా భుజం తట్టి, మైకు సౌండు మాత్రం తగ్గించి ఉండాల్సింది అన్నారు. కో అప్పన్న నన్ను పక్కకి పిలిచాడు. "కంగారు పడకు ఎస్తేరు. మీ దేవుడి కాడ సెప్పింది మా అమ్మవారి కాడ కేన్సిల్ అవుతాదేటో కనుక్కుంటాను."

మధ్యాహ్నం మెర్సీ మారు అన్నం పెట్టించుకుంది. ఎన్నాళ్ళకో! "పిన్నీ, నాకిప్పుడు బయం లేదు," అంది నవ్వుతూ. నాకు ముద్ద దిగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. దానితో నిజం చెప్పడానికి నోరు రాలేదు. వారమంతా బియ్యం కడుగుతూ గెలిపించు ప్రభువా, ఉల్లిపాయలు కోస్తూ గెలిపించు ప్రభువా అని దిద్దుబాటు ప్రార్థనలు చేస్తూనే ఉన్నాను. కానీ మైకులో చెప్పినదాని ముందు వంటింట్లో గొణిగేది ఎంత?

నిన్న మ్యాచ్. నొవోమి టీమ్ నవ్వుకుంటూ దిగింది. అవతలివాళ్ళ పిన్నే మన కోసం ప్రార్థన చేసిందని టీమంతా చెప్పుకున్నారట, ఇక వార్మప్ కూడా సరిగ్గా చెయ్యలేదు. మనవాళ్ళు మాత్రం దేవుడితో సంతకం పెట్టించుకున్నంత ధీమాగా ఆడారు. ఒకళ్ళు వేస్తే అవతలివాళ్ళూ వేశారు. ఆఖర్న స్కోరు సమానం. బంతి లక్ష్మి చేతికి వచ్చింది. కో అప్పన్న కళ్ళు మూసుకున్నాడు. లక్ష్మి విసిరింది. బంతి బోర్డుకి తగిలి, రింగు అంచు మీద తిరిగి, తిరిగి, తిరుగుతూనే ఉంది. మామూలుగా అయితే ప్రార్థించేదాన్ని. కానీ నా నోరు నేనే రెండు చేతులతో మూసుకున్నాను, మళ్ళీ ఏమంటానో అని.

లోపల పడింది!

గెలిచారు! కోర్టు నిలిచింది, టీమ్ నిలిచింది. ప్రిన్సిపాల్ మేడమ్ లేచి చప్పట్లు కొట్టింది. కో అప్పన్న రింగు ఎత్తు సరిగ్గానే ఉందని ఒప్పుకున్నాడు. మెర్సీ పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అక్కడితో ఇంటికెళ్ళిపోయి ఉంటే మీకు ఈ కథ చెప్పే పనే లేదు. చెమటలు తుడుచుకుంటూ నొవోమి వచ్చింది.

"ఏటి ఆంటీ, మీ ప్రేయర్ పని సెయ్యలేదు."

"పిన్ని ప్రేయర్ బానే పన్జేసింది కదా?" అంది మెర్సీ. నొవోమి విడమరిచి చెప్పింది. మాట పొల్లు పోకుండా, 'చిత్తుగా'తో సహా. మెర్సీ నా వైపు తిరిగింది.

"పిన్నీ, ఓడించు అంటే నైన్ కాదా? షోనా?"

"షోనే తల్లీ," అన్నాను.

"అమలే! అమ్మో!" అంది టీమంతా ఒక్కసారి. తర్వాత పిల్లలందరూ తలలు దగ్గర పెట్టుకుని బర్మాలో గుసగుసలాడారు. నేను దోషిలా నిలబడ్డాను. ఇక నాతో మాట్లాడరనే అనుకున్నాను. మెర్సీ తల ఎత్తింది.

"పిన్నీ, సీజన్ అయ్యేదాకా ప్రేయర్ నువ్వే సెయ్యాలి. అదే ప్రేయర్. ఒక్క మాట మార్సినా ఊరుకోం."

"అది ప్రార్థన కాదే, శాపం!"

"వర్క్ అయింది కదా?"

ఇంతలో నొవోమి నా చెయ్యి గుంజింది. "ఆంటీ, మా నెక్స్ట్ మ్యాచ్ వేరే కాలేజీతో. మమ్మల్ని కూడా ఓడించమనండి ఆంటీ. ప్లీజ్."

అదీ సంగతి. రేపు ఆదివారం మైకు మళ్ళీ నాదే, ఈసారి రెండు టీములు. మావయ్య పొద్దున్నే వచ్చి, పోనీ వాక్యం సరిగ్గా నేర్పుతానన్నాడు. మెర్సీ అడ్డం నిలబడి ఆయన్ని గుమ్మంలోంచే పంపేసింది. ఇంత పెద్ద చర్చిలో దయచేసి తెలుగు నేర్చుకోవద్దని అందరూ బతిమాలుతున్న మనిషిని నేనొక్కదాన్నే!