ఏడో తరగతిలో పలకలు

2022వ సంవత్సరం. కర్నూలులో ఒక ప్రైవేటు బీఎడ్ కాలేజీలో గణిత బోధనా పద్ధతులు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి నాకు ఇరవై ఏళ్లు కావస్తోంది. టీచర్లను తయారుచేసే ఉద్యోగం అంటే బయటివాళ్లకు గొప్పగానే వినిపిస్తుంది. మా దగ్గర చేరినవాళ్లలో సగంమంది ఫీజు కట్టి పోయి, మళ్లీ పరీక్షలకే కనిపిస్తారు. దీనికి ‘నాన్ అటెండింగ్’ అని ముద్దుపేరు. మిగిలినవాళ్లకు ‘టీచింగ్ ప్రాక్టీస్’ ఉంటుంది. అంటే ఏదో ఒక బడికి పోయి, వెనక బెంచీలో నాలాంటి లెక్చరర్ కూర్చుని చూస్తుండగా పాఠం చెప్పడం.

ఆ మిగిలినవాళ్లలో శైలజ ఒకతి. రాజంపేటలో వాళ్ల నాయనకు కిరాణా అంగడి. బీఎడ్ అయ్యాక ఆ పిల్ల ఇంగ్లండులో మళ్లీ టీచర్ ట్రైనింగుకే సీటు తెచ్చుకుంది. అక్కడ దాన్ని పీజీసీఈ అంటారు. ఏడాది కోర్సు, అందులో ఎక్కువ భాగం యూనివర్సిటీలో కాదు, బడిలోనే. వెళ్లే ముందు నాయనతో కలిసి మా ఇంటికి వచ్చింది.

“లోకమంతా కంప్యూటర్లకు పోతాంటే, ఇది మళ్లా అయివార్ల చదువుకే పోతానంటాది మేడమ్. ఈడ చదివిందీ అదే కదా? మీరన్నా చెప్పండి,” అన్నాడాయన.

“ఈడ పిల్లోళ్లకు బాగా చెప్పాలనే పోతాండా నాయనా. నేర్చుకోని వస్తా.”

“వచ్చి ఏం చేస్తావే? నువ్వు కావాలని ఈడ ఏ బడోడు ఏడ్చినాడు?” అన్నాను నేను. నవ్వింది. ఎగతాళి అనుకుంది పాపం.

అక్కడికి పోయాక ఆదివారాలు ఫోన్ చేసేది. మొదటి నెలల్లోనే ఒకసారి ఏడుపు గొంతుతో మాట్లాడింది. భిన్నాల పాఠం చెప్పిందట. చివర్లో మన అలవాటు ప్రకారం “అర్థమైందా?” అని అడిగిందట. పిల్లలంతా అయిందన్నారు. ఈమె తర్వాతి లెక్కకు పోయింది. వెనక కూర్చుని చూస్తున్న మెంటర్, అంటే ట్రైనీల తప్పొప్పులు చూసే సీనియర్ టీచరమ్మ, పాఠం అయ్యాక పట్టుకుంది.

“కిటికీ పక్కన కూర్చున్న పిల్లకు అర్థమైందని నీకెట్లా తెలుసు అని అడిగింది మేడమ్. అయిందని చెప్పినారు కదా అన్నా. ఆ పిల్ల చెప్పిందా, క్లాసు చెప్పిందా అనింది.”

నాకు ఒళ్లు మండింది. “ఆయమ్మను ఒకసారి మన ఆదోని పక్కకు రమ్మను! అరవైమందిని ఒక గదిలో కుక్కి ఇస్తా, ఒక్కొక్కరిని అడుగుతా కూర్చోమను. సిలబస్ ఎవరు, వాళ్ల తాత పూర్తి చేస్తాడా?”

“ఈడ ఇరవై ఎనిమిదిమందే మేడమ్.”

“అదే నేను చెప్పేది!”

ఆ కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ వాదిస్తాను. కానీ వాదించి లాభం లేదు. మా దగ్గర పిల్లలు పైకప్పు లేచిపోయేలా అర్థమైందని అరిస్తే ట్రైనీకి మార్కులు పడతాయి. అక్కడ ఆ అరుపుకు విలువ లేదు. బడి ప్రాక్టీసులో ఫెయిలైతే కోర్సు పోతుంది, కోర్సు పోతే వీసా పోతుంది. పోయిన పిల్ల పోయినట్టే తిరిగి రావాలి.

మెంటర్ ఆమెకు మినీ వైట్‌బోర్డులు వాడమని చెప్పింది. పిల్లలందరి దగ్గరా చేతిలో పట్టేంత తెల్లబోర్డు ఉంటుంది. ప్రశ్న అడగ్గానే ఎవరి జవాబు వాళ్లు రాసి, ఒకేసారి పైకెత్తాలి. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో టీచరుకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. శైలజ మొదటిసారి ఎత్తించినప్పుడు సగం బోర్డులు తప్పట. “వాళ్లు అబద్ధం చెప్పలేదు మేడమ్. అర్థమైందా అంటే అవునే అంటారు. నేనే అడిగేది నేర్చుకోవాల,” అంది. నేర్చుకుంది. పాసైంది. ఆ బడివాళ్లే ఉద్యోగం కూడా ఇస్తామన్నారు.

“చేరిపో, నోరు మూసుకోని,” అన్నాను.

“లేదు మేడమ్. వస్తానని చెప్పినా కదా.”

వచ్చింది. మా దగ్గరే బీఎడ్ చేసి, ఇప్పుడు కర్నూలులోనే సొంతంగా ప్రైవేటు బడి నడుపుతున్న ఒకతనికి ఆమె గురించి చెప్పాను. అతను ఎగిరి గంతేశాడు. గేటు మీద ఆమె ఫోటోతో ఫ్లెక్సీ కట్టించాడు. ఏడో తరగతి లెక్కలు ఇచ్చాడు. తెల్లబోర్డులు మాత్రం కొనలేదు. అందుకని శైలజ పిల్లలందరినీ పలకలు తెచ్చుకోమంది.

మా ట్రైనీలతో ఆ బడికి పోయినప్పుడు ఆ క్లాసు నేను కళ్లారా చూశాను.

“ఐదింట మూడు పెద్దదా, ఎనిమిదింట మూడు పెద్దదా? నోరు తెరవొద్దు. రాసి పైకెత్తండి.”

పలకలు లేచాయి. అన్నిటికంటే ముందు బెంచీల్లోని తెలివైనవాళ్లతో సహా, ఎక్కువమంది ఎనిమిదింట మూడే రాశారు.

“ఐదు కన్నా ఎనిమిది పెద్దది కదా మేడమ్!” అన్నాడొకడు.

“సరే. ఒక రొట్టెను ఐదుగురు పంచుకుంటే నీకు పెద్ద ముక్క వస్తాదా, ఎనిమిదిమంది పంచుకుంటేనా?”

“ఐదుగురైతేనే... ఏయ్, నేను తప్పు రాసినానే!” అని వాడు మోచేత్తో పలక తుడుచుకుంటుంటే క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఇన్నేళ్లలో వెనక బెంచీలో కూర్చుని నేను విన్న మంచి నవ్వు అది.

ఆ నవ్వు ఇళ్లకు చేరేసరికి వేరే అయింది. తల్లిదండ్రులు ఆఫీసు ముందు గుమిగూడారు. “ఏడో క్లాసు పిల్లోనికి పలకా? చూసినోళ్లు నగుతాండారు,” అని ఒకాయన. “పోయినేడు లెక్కల్లో ఏ గ్రేడు మావోనికి. ఈయమ్మ వచ్చినాకనే రాకుండ పోయిందా?” అని ఒకావిడ. యజమాని శైలజను క్లాసులోంచి తీసి, అడ్మిషన్ల కౌంటర్లో కూర్చోబెట్టాడు.

తెలిసిన వెంటనే పోయాను.

“ఏమప్పా, పాఠం చెప్పేదాన్ని తెచ్చి కౌంటర్లో పెడతావా?”

“మీకు తెలీందేముండాది మేడమ్. కొడుక్కు రాదని తెలిసినాక ఆ నాయన మన బళ్లో యాడ ఉంచుతాడు? వచ్చేట్టు చెప్పమన్నా గానీ, రాదని ఎత్తి చూపమన్నానా?”

“యాడ రాదో తెలీకుండా వచ్చేట్టు ఎట్లా చెప్తారప్పా?”

“అది మీరు బీఎడ్‌లో మాకు చెప్పలేదే,” అని నవ్వాడు.

“నువ్వు వచ్చింటే కదా చెప్పేదానికి! నాన్ అటెండింగ్ గాడివి.”

నవ్వు ఆపాడు. నిర్ణయం మాత్రం మార్చలేదు. ఫ్లెక్సీ అన్నా తీయించమంటే, “అడ్మిషన్ల టైము కదా మేడమ్,” అన్నాడు.

శైలజ ఆ కౌంటర్లో వారం కూడా నిలవలేదు. ఒకామె కూతుర్ని చేర్పించడానికి వచ్చి, “లెక్కలు చెప్పేది నువ్వేనా తల్లీ?” అని అడిగిందట. అవునని చెప్పమని ముందే నేర్పి పెట్టారు. ఈమె కాదని చెప్పి, కుర్చీలోంచి లేచి వచ్చేసింది. ఇంకో రెండు బళ్లలో అడిగింది. పలకల సంగతి అప్పటికే వాళ్ల చెవిన పడింది.

చివరికి మళ్లీ ఇంగ్లండుకే పోయింది. అప్పుడు ఉద్యోగం ఇస్తామన్న బడిలోనే ఇప్పుడు లెక్కలు చెబుతోంది. ఇక్కడి ఖాళీలోకి నిరుడు మా దగ్గర పాసైన పిల్ల వచ్చింది. క్లాసు నిశ్శబ్దంగా ఉంటుందనీ, సిలబస్ ముందే అయిపోతుందనీ యజమాని ఎదురుపడిన ప్రతిసారీ పొగుడుతాడు.

పరాయి దేశాల్లో చదివినవాళ్లు తిరిగి రారేమని మా స్టాఫ్ రూములో తరచూ చర్చ నడుస్తుంది. నేను అందులో వేలు పెట్టి అందరితో గొడవ పెట్టుకుంటాను. మంచి టీచరును తయారుచేయడం పెద్ద కష్టమేమీ కాదని ఈ అనుభవంతో నాకు తెలిసింది. కావాలనుకున్నచోట ఏడాదిలో చేసి చూపించారు. అలాంటి టీచరును భరించే బడిని తయారుచేసే కోర్సు ఏ దేశంలో ఉందో ఎవరైనా చెబితే, ఈ వయసులో నేనే అప్లికేషన్ పెట్టుకుంటాను.