నలభై ఒకటో కథలో తలుపు

మా చెల్లెలు అంజమ్మ బడి మొహం చూడలేదు. అయినా నలభై కథలు చెప్పి పోయింది. నేను, బాలనర్సయ్యను, పోచంపల్లి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. నేను నేసిన చీరకు రాష్ట్రంలో మొదటి బహుమతి వచ్చింది. ఎల్బీ నగర్‌లో బట్టల దుకాణం పెట్టాను, మన్సూరాబాద్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టాను, చేనేత సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణయ్యాను. భర్త పోయిన చెల్లెల్ని తెచ్చుకుని ముప్ఫై ఆరేళ్ళు చూసుకున్నానని నలుగురికీ చెబుతూ వచ్చాను. అదీ అబద్ధం కాదు.

ఊళ్ళో ఆమె పని ఆసు పోయడం. అంటే చీరకు కావలసిన పోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పి పేర్చడం. ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు తిరగాలి. "చెయ్యి తిరుగుతుంటె నోరు ఊకుంటదా?" అని ఆమె కథలు చెప్పేది.

కరోనా ఏడాది షూటింగులు ఆగిపోయి ఆమె చూసే సీరియల్ మధ్యలోనే నిలిచింది. చివరిరోజు సంతోషి అనే పిల్ల అత్తింటి నుంచి వచ్చి, వానలో పుట్టింటి తలుపు ముందు నిలబడింది. ఆ సీరియల్ మళ్ళీ రాలేదు.

"ఆ పిల్ల ఇంకా ఆడనే నిలబడ్డది," అనేది అంజమ్మ, అన్నం ముందు కూర్చుని.

"టీవీల పిల్లకు సర్ది అయితదా? తిను," అనేవాణ్ణి నేను.

మా కోడలు ఇందు మాత్రం, "అయితె మీరే లోపటికి తోల్కపోండ్రి అత్తమ్మా," అని ఫోన్ తీసింది. అంజమ్మ చెప్పేది, ఇందు టైపు చేసి నెట్‌లో పెట్టేది. అలా ఒకరి కథను అభిమానులు తమకు నచ్చినట్టు సాగించి రాసుకుంటే ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. నాలుగేళ్ళలో నలభై అయ్యాయి. నేను ఒక్కటీ చదవలేదు.

పోయిన కార్తీకంలో నలభై ఒకటోది మొదలుపెట్టకుండానే దవాఖానలో పడింది. నా మణికట్టు పట్టుకుంది. "అన్నా, ఆ పిల్లను లోపటికి పిలువాలె. నువ్వే పిలువాలె."

సరేనన్నాను. రెండోరోజు పోయింది.

అప్పటినుంచి పొద్దుగూకే వేళకు మా గేటు దగ్గర ఎవరో నిలబడ్డట్టు ఉంటుంది. లేచి వెళ్తే ఎవరూ ఉండరు. నేల మాత్రం రెండు పాదాలంత మేర తడిగా ఉంటుంది. ఇందు బోరు నీళ్ళంటుంది.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే ఆ కథలు చదవాలి. మోతిబిందు ఆపరేషనైన నా కళ్ళకు ఫోన్ వెలుగు పడదు. అందుకని ఇందు నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో హరీష్ దుకాణానికి తీసుకెళ్ళింది. అతను ఫోన్‌లా వెలుగు కొట్టని, పుస్తకాలు చదువుకునే యంత్రాలు రెండు బల్లమీద పెట్టాడు. మొదటిది కొత్తది, పలచన. కాని అందులో తెలుగు ఒత్తులన్నీ అక్షరాల కిందినుంచి జారి పక్కకు పడ్డాయి. పైగా చివర చదివిందే ముందుకు వస్తుందట. రెండోది పాతది, బరువు. అక్షరం కుదురుగా ఉంది, కథల్ని మనకు కావలసిన వరసలో పెట్టుకోవచ్చు.

"ఒక్క మాట పెద్దయ్యా, మల్ల నన్ను తిట్టొద్దు," అన్నాడు హరీష్. "దీంట్ల పేజీ తిప్పినా ముంగటి పేజీ నీడ జర మిగుల్తది."

"ఏంది, దయ్యమా?"

"దయ్యం గాదు, గీ పాత స్క్రీన్ల గుణమే గంత."

"తీసుకుందాం మామా," అని నవ్వింది ఇందు. "గేటుకాడ నిలబడేదానికి తోడైతది."

ఎక్కువమంది మెచ్చినవి పైన పెడదామంది ఇందు. నేను ఒప్పుకోలేదు. అంజమ్మ చెప్పిన వరసే ఉండాలన్నాను. అక్కడక్కడా కట్టి రంగులో ముంచిన పోగును ఒక్కదాన్ని పట్టి చూస్తే మరకలే కనిపిస్తాయి. వరసగా మగ్గమెక్కితేనే చిలుకో ఏనుగో తేలుతుంది.

వరసలో పెట్టుకుని పగలంతా వరండాలో చదివాను. ప్రతి కథలో సంతోషి తలుపు ముందే ఉంటుంది. పక్కింటామె తీస్తుంది, పాలామె తీస్తుంది, ఒకసారి చచ్చిపోయిన తల్లి వచ్చి తీస్తుంది. తర్వాతి కథలో తలుపు మళ్ళీ మూసే ఉంటుంది. లోపల ఒక అన్న ఉంటాడు, ఒక్క వాక్యంలో వచ్చి పోతాడు. మొదటి కథలో మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. తొమ్మిదో కథలో గుంటలోంచి కాళ్ళు తీస్తాడు. ఇరవయ్యో కథకు నడిమింట్లోకి వస్తాడు. నలభయ్యో కథలో గడియమీద చెయ్యి వేస్తాడు. అక్కడ ఆగిపోయింది.

"సీరియల్‌ల ఆ పిల్లకు అన్ననే లేడు," అంది ఇందు. "మగ్గం యాడికెళ్ళి ఒచ్చింది మామా?"

నేను చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు శ్రావణంలో బహుమతి చీర నా మగ్గంమీద ఉంది. అత్తింటి నుంచి వచ్చి అంజమ్మ తలుపు కొట్టింది. నేను గుంటలోంచి లేవలేదు. "రేపు చీర చూడ ఆఫీసర్లొస్తున్నరు. ఇల్లిడిసి ఒచ్చినవంటె ఇజ్జత్ పోతది, మర్లిపో," అన్నాను. బయట వాన. తలుపు కింది సందులో తడి పాదాలు చాలాసేపు కనిపించాయి. తర్వాత లేవు. నాలుగేళ్ళకు భర్త పోయి వచ్చినప్పుడు ఆమెకు ఎడమ చెవి వినపడేది కాదు. ఎట్లా పోయిందో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

మా ఇంట్లో నేసే మనిషి పోతే మగ్గంమీది చీరను కోసెయ్యరు. ఇంకొకరు కూర్చుని ముగించాలి. నిన్న సాయంత్రం ఇందును పిలిచి టైపు చెయ్యమన్నాను.

"అన్న గడియ తీసిండు," అన్నాను.

"తీసి ఏమంటడు?"

"వానల దిగి, ఆమె కుడిదిక్కుకు పోతడు. పోయి, 'లోపటికి రా చెల్లె' అంటడు."

"కుడిదిక్కుకు ఎందుకు?"

"ఎడమ చెవి ఇనపడదు."

ఇందు వేళ్ళు ఆగాయి. "సంతోషికి చెవులు మంచిగనే ఉన్నయి కద మామా," అంది మెల్లగా. "రాయి బిడ్డా," అన్నాను. ఆమె మళ్ళీ అడగకుండా టైపు చేసింది.

ఈ రోజు దాన్ని నలభయ్యో కథ తర్వాత పెట్టి చదివాను. చివరి పేజీ తిప్పాను. ఖాళీ తెరమీద ముందు పేజీ నీడ మిగిలింది, గడియ తీసిన వాక్యం పలచగా కనిపిస్తూనే ఉంది. పొద్దుగూకింది. నేను లేచి గేటు తీసి పెట్టి వచ్చాను. నేల తడిగానే ఉంది.