ఐదు చుక్కల జబ్బు

డాక్టరు చదువు పూర్తయిన కొత్తలో మనిషికి రెండు కొమ్ములుంటాయి. అవి ఎదుటివాళ్లకే కనపడతాయి. పంతొమ్మిది వందల యాభైల్లో కోస్తా నుంచి నందికొట్కూరు పక్కన ఒక చిన్న ఆసుపత్రికి వచ్చిపడ్డ నాకూ ఉండేవి.

ఆసుపత్రి ఎదుట వేయించిన వేరుశనక్కాయలు అమ్మే ఆమెను అందరూ బుడ్డలక్క అనేవారు (అక్కడ వేరుశనక్కాయలంటే బుడ్డలు, అది తెలియడానికి నాకు వారం పట్టింది). "బుడ్డలో!" అని ఆమె కేకేస్తే బస్సు దిగినవాళ్లు వెనక్కి తిరగాల్సిందే. ఆ గొంతు ముందు నిమ్మకాయంత వాపు లేచింది. నా పుస్తకం ఒక పేజీలో అయోడిన్ మందు చాలంది, పేజీ తిప్పితే కోసి తీసేయమంది. బుర్ర గోక్కుని, గోక్కుని, చివరికి మందు సీసా చేతిలో పెట్టాను. "పొద్దున్నే పాలు, ఐదు చుక్కలు" అన్నాను ముక్తసరిగా (తక్కువ మాట్లాడితే పెద్ద డాక్టరనుకుంటారని నా నమ్మకం).

రెండు నెలలకు వచ్చింది. వాపు అలాగే ఉంది. పైగా దాని మీద వరసగా ఐదు గోధుమరంగు మచ్చలు! పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. అలాంటి జబ్బే లేదు.

"లాభం లేదమ్మా, కర్నూలు పోయి కోయించుకో. గొంతు బొంగురుపోయినా పోవచ్చు" అన్నాను.

ఆమె బావురుమంది. "గొంతు పోతే బుడ్డలు ఎట్ల అమ్మేది సామీ? మీరు చెప్పినట్లే చేస్తి గదా! దినామూ పాలు తాగితి, ఐదు చుక్కలు పెట్టుకుంటి. ఒక్క దినమన్నా తప్పలే!"

"పెట్టుకున్నావా? తాగలేదూ?"

"దెబ్బకు పూసే మందు తాగేదేంది! నన్ను సంపుదామనుకుంటివా?" (కోపంలో 'మీరు' ఎగిరిపోయింది.)

మర్నాడు ఆమె ఎదుటే పాలలో ఐదు చుక్కలు కలిపాను. ఆమె గ్లాసు నా వైపు తోసి, "ముందు నువ్వు తాగు" అంది. ఒక గుక్క తాగాను. నా మొహం చూసి ఆమె మొదటిసారి నవ్వింది, మిగతాది తాగింది. నాలుగైదు నెలల్లో వాపు చాలా మటుకు దిగిపోయింది. కోత తప్పింది.

బదిలీ మీద బస్సెక్కుతుంటే, "ఓ చుక్కల డాక్టరప్పా! బుడ్డలు తీస్కపో!" అని బజారంతా వినపడేలా కేకేసింది. నేను సీట్లో ముడుచుకుపోయాను. ఇప్పుడు చీటీ రాసిచ్చాక ప్రతివాళ్లనీ అడుగుతాను: "ఇంటికెళ్లి ఏం చేస్తావో నువ్వు చెప్పు." వాళ్లు చెబుతుంటే, నేను కొంచెంలో కోతకు పంపబోయిన ఆ కేక మరొక్కసారి వినాలనిపిస్తుంది.